అమ్మ అడిగిన పేజీ

బాపు తన డైరీలకు ఎన్నడూ తాళం వెయ్యలేదు. ఆ అవసరమే రాలేదు. ఆయన ఉర్దూలో రాసేవాడు, మా ఇంట్లో ఆ లిపి చదవడం ఆయనకు తప్ప ఎవరికీ రాదు.

లాల్‌దర్వాజాలో బాపు ఈడు వాళ్ళు చాలామంది అంతే. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బళ్ళో దిద్దింది ఉర్దూ. తెలుగు పేపరు చక్కగా చదివేవాడు కానీ, చేతిలోకి కలం వస్తే మాత్రం అది కుడి నుంచి ఎడమకే నడిచేది. సర్కారు ఆఫీసులో గుమాస్తా. కొత్త సంవత్సరం రాగానే ఆఫీసువాళ్ళు ఇచ్చే డైరీ తెచ్చుకుని, రోజూ సాయంత్రం చాయ్ తాగాక గడప దగ్గర పీట వేసుకుని నాలుగు వాక్యాలు రాసేవాడు. నాలుగంటే నాలుగే. చిన్నప్పుడు వీపు మీద పడి, "ఏం రాస్తున్నవు బాపూ?" అని అడిగేదాన్ని. "ఇయ్యాల వాన పడ్డదని రాసిన" అనేవాడు. ఎండలు మండిపోతున్న రోజు అడిగినా అదే జవాబు.

నేను ఆయన పోలిక కాదు. నా కడుపులో మాట దాగదు. నాకు యాభై దగ్గర పడింది. ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్తాను. పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదని మా గల్లీ అంతా అడిగి అడిగి అలసిపోయింది కాబట్టి మీరు కొత్తగా అడగక్కర్లేదు. కొన్నేళ్ళ కింద ఆన్‌లైన్‌లో ఒక ఖాతా తెరిచి పాతబస్తీ కబుర్లు రాయడం మొదలుపెట్టాను. అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం జరిగే లొల్లి, బేగంబజార్‌లో ఒక్క గిన్నె కొనడానికి అమ్మ నలభై గిన్నెలు వేలితో కొట్టి చూసి షాపువాణ్ణి ఏడిపించిన వైనం, ఇలాంటివి. జనం ఎగబడి చదివారు. పొద్దున బస్సులో రాస్తే మధ్యాహ్నానికి వందల మంది. పిల్లలకు పద్యం చెబుతూ కూడా ఒక చెయ్యి ఫోన్ మీదికి పోయేది. సిగ్గు లేదా అంటే, లేదు. పొగడ్త ఎవరికి చేదు?

అమ్మ మాత్రం నేను బడి నుంచి రాగానే, "ఇయ్యాల ఎవలి కొంప ముంచినవే?" అని అడిగేది. నవ్వుతూనే అడిగేది. బాపు ఒక్కసారే అడిగాడు.

"అందరికి చెప్పుకుంటవు గదా బిడ్డా, ఇగ నీకేం మిగుల్తది?"

"ఎవలికీ చెప్పకుంటే నీకేం మిగిలింది బాపూ?" అన్నాను నేను. నోటికి అడ్డూ ఆపూ ఉంటే కదా! ఆయన తలూపి, డైరీ మూసి లోపలికి వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను.

మూడేళ్ళ కింద బాపు పోయాడు. ఇనప సందూకులో డైరీలు అలాగే ఉండిపోయాయి. ఏడాది దాకా అమ్మ ఆ సందూకు వైపు కన్నెత్తి చూడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయన బుక్కులల్ల గా దినం ఏమన్న రాసిండేమో సూస్తవా?"

ఏ దినమో నేను అడగలేదు. మా ఇంట్లో "ఆ దినం" అంటే ఒకటే.

నాకొక అన్న ఉండేవాడు. నేను పుట్టకముందే, ఏడాదిన్నర వయసులో, బోనాల ఆదివారం నాడు పోయాడు. ఫోటో కూడా లేదు. వాడి గురించి నాకు తెలిసిందంతా మా నాయనమ్మ నోటినుంచి విన్నదే. ఇంటికి ఎవరొచ్చినా, అమ్మ చాయ్ కప్పులు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగానే, "జరమున్న పోరనికి తలకు వోసి సంపుకున్నది" అనేది. బోనాల పొద్దున ఇంటిల్లిపాదీ తలంటుకోవాలి, అమ్మవారి ముందుకు తలస్నానం చెయ్యకుండా ఎవరూ పోరు. అమ్మ పిల్లవాడికీ పోసింది. సాయంత్రానికి వాడికి ఫిట్స్ వచ్చాయి, రాత్రికి లేడు. నాయనమ్మ ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ కప్పులు అందించి వంటింట్లోకి పోయేది. బాపు చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. యాభై ఏళ్ళలో ఆయన ఆ పిల్లవాడి పేరు ఒక్కసారి ఎత్తలేదు. అమ్మ నా తలకు ఒక్కసారి నీళ్ళు పొయ్యలేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి మేనత్త పోసేది, ఆమె పెళ్ళయి వెళ్ళాక నేనే పోసుకున్నాను.

"రాసే ఉంటడమ్మా. రోజూ రాసెటోడు గదా" అన్నాను.

అమ్మ చేతిలోని కాయను అలాగే పట్టుకుంది. "ఆయన గూడ నేనే సంపిన అనుకున్నడా? మీ నాయనమ్మ అన్నది, వాడకట్టంత అన్నది. ఆయన అనలే. కాదని గూడ అనలే. గదొక్కటి ఎరికైతే సాలు, ఇగ నాకేం అద్దు."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుపోయి గడప దిగలేని మనిషి, యాభై ఏళ్ళుగా పక్కనే పడుకున్న మొగుణ్ణి అడగలేకపోయిన మాట ఇప్పుడు ఆయన రాతను అడుగుతోంది.

డైరీలో తేదీలు మాత్రం ఇంగ్లీషు అంకెల్లోనే అచ్చయి ఉండేవి, అందుకని పేజీ తొందరగానే దొరికింది. మిగతా పేజీల్లో నాలుగు వాక్యాలుంటే, ఆ పేజీ కింది దాకా నిండిపోయి ఉంది. ఫోటో తీస్తే చదివిపెట్టే యాప్ ఫోన్‌లో ఉంటే పెట్టి చూశాను. అచ్చు అక్షరాలైతే చదువుతుందేమో కానీ బాపు గొలుసుకట్టు రాతకు దాని బుర్ర పనిచెయ్యలేదు. ఒంటె అంది, దరఖాస్తు అంది, మళ్ళీ ఒంటె అంది.

"చాచా తానికి పో. ఆయన సదువుతడు" అంది అమ్మ.

చాచా అంటే బాపు దోస్తు. రెండు గల్లీల అవతల ఉంటాడు. ఉర్దూ పెళ్ళిపత్రికలు చేత్తో రాయడం ఆయన పని, కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. ఎంత అడ్డదిడ్డం రాతైనా ఇట్టే చదివేస్తాడు. ఒక మంగళవారం సాయంత్రం డైరీ పట్టుకుని వెళ్ళాను. అద్దాలు పెట్టుకుని పేజీ మీద వేలు నడిపించాడు. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. సగానికి వచ్చాక వేలు ఆగింది. చివరిదాకా కళ్ళతోనే చదివి, డైరీ మూసి నా చేతిలో పెట్టాడు.

"బేటీ, ఇది మీ అమ్మకు చెప్పే బాత్. నీకు చెప్పేది కాదు."

"నేను బిడ్డను కాదా చాచా?"

"బిడ్డవే. జుమ్మా నమాజ్ అయినంక నేనే ఇంటికొస్తా. భాభీకి చదివి వినిపిస్త. ఆమెకు ఉర్దూ సమజ్ అయితది గదా, వాడి మాటలు వాడి మాటలెక్కనే వింటది. అప్పటిదాంక నన్ను అడగకు, నక్కో."

"నాకు చెప్తే ఏమైతది?"

చాచా అద్దాలు తుడుచుకున్నాడు. "నువ్వు రాస్తవ్ బేటీ" అన్నాడు నెమ్మదిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎత్తుకుని పెంచిన పిల్లని అంత మాట అంటాడా అని దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చాను. అమ్మకు మాత్రం, "శుక్రవారం చాచా వచ్చి చదువుతడట" అని చెప్పాను. అమ్మ ముఖం విప్పారింది. "మంచిగయింది. పాలు ఒక పాకిటు ఎక్కువ తేవే, ఆయనకు చాయ్‌ల పాలు మస్తుగుండాలె" అంది.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా మూడు రోజులు. యాభై ఏళ్ళు ఆగిన అమ్మ ఆ మూడు రోజులూ ఆగగలదు. నేను ఆగలేకపోయాను.

బుధవారం పొద్దున బస్సులో కూర్చుని ఆ పేజీ ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టాను. ఊరికే పెట్టానా? పైన రాశాను కూడా. అన్న చావు, నాయనమ్మ తిట్టు, నా తలకు అమ్మ నీళ్ళు పొయ్యకపోవడం, ఆఖరికి చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని అమ్మ అడిగిన ప్రశ్న, అన్నీ. మంచి శైలి! రాస్తూ నా కళ్ళకే నీళ్ళొచ్చాయి, ఎంత బాగా రాశానో అని కూడా అనిపించింది. "ఇది చదవగలిగినవారు దయచేసి నాకు విడిగా చెప్పండి" అని చివర ఒక ముక్క తగిలించాను. సంత మధ్యలో మూట విప్పి, చూడొద్దని జనానికి చెప్పినట్టు.

మూడో పీరియడ్ అయ్యేసరికి ఎవరో అబ్బాయి, మంచివాడే పాపం, సాయం చేస్తున్నాననుకుని వాక్యం తరవాత వాక్యం తెలుగు చేసి అందరూ చూసేలా కింద పెట్టాడు. స్టాఫ్ రూమ్‌లో నిలబడి చదివాను.

"పొద్దున ఆమె చెప్పింది, పిల్లవాడి ఒళ్ళు కాలుతున్నది, దవాఖానకు పోదామని. బోనం ఎక్కించి పోదామన్నాను. మా అమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. సాయంత్రం తీసుకుపోయాము. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. స్నానం వల్ల కాదు, జ్వరం మెదడుకు ఎక్కింది, పొద్దున్నే తెస్తే ప్రయత్నం చేసేవాళ్ళమని. ఇంటికి వచ్చాక మా అమ్మ ఆమెను అంటున్నది. ఆమె నా ముఖం చూసింది. నేను ఏమీ అనలేదు. రేపు చెప్తాను."

ఫోటోలో పక్క పేజీ కూడా కాస్త పడింది. మరునాటి తేదీ కింద ఒకటే వాక్యం ఉందని ఆ అబ్బాయి దాన్ని కూడా తెలుగు చేశాడు. "వాన పడింది."

అప్పుడే తీసేసి ఉండాల్సింది. వేలు పెట్టి నొక్కితే పోయేది. నిజం చెప్పాలి, నేను రెండు క్లాసుల సేపు దాన్ని అలాగే ఉంచాను. ఏడుస్తూనే, ఎంతమంది చదివారో చూస్తూ ఉంచాను. అంతకుముందు నా రాత దేన్నీ అంతమంది చదవలేదు. సాయంత్రం ఇంటికి పోయి అమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్దాం, చాచా బదులు నేనే చెప్దాం అని మనసులో మాటలు కూర్చుకున్నాను. అవి కూడా బాగా కూర్చుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించినట్టు లేదు. పొద్దున తిన్న పళ్ళెం పక్కనే ఉంది. నేను చెప్పులు విడుస్తుండగానే అంది.

"శుక్రారం దాంక ఆగకపోతివా."

ఎదురింటావిడ మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని వచ్చిందట. "అయ్యో వదినా, ఇంత జరిగిందా" అంటూ ఆ పేజీ అంతా చదివి వినిపించిందట. అమ్మ యాభై ఏళ్ళు ఎదురుచూసిన జవాబు అలా వచ్చింది.

"మంచిదే పాపం, నీళ్ళు గూడ తాపింది" అంది అమ్మ. "గని నేను ఏడుస్తాంటె నా మొకం సూసుకుంట కూసున్నది. ఆమె ముంగట ఏడ్వాల్నా నేను? నన్నొక్కదాన్ని ఏడ్వనియ్యకపోతివి బిడ్డా."

కాళ్ళ మీద పడ్డాను. ఇంటి గుట్టు బయటేసి కాళ్ళ మీద పడితే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "లే, బియ్యం కడుగు" అంది. ఆ రాత్రే నేను పెట్టింది తీసేశాను. అప్పటికే అది నా చేతిలో లేదు. ఎవరో ఫోటోలతో సహా తీసుకుని వేరేచోట పెట్టుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి ఇంకెవరో.

శుక్రవారం చాచా వచ్చాడు. సంగతి ఆయనకూ తెలిసిపోయింది, అయినా ఉతికిన కుర్తా వేసుకుని, చెప్పిన వేళకే వచ్చాడు. నా వైపు చూడలేదు. అమ్మ చాయ్ ఇప్పించి, డైరీ తీసుకురమ్మంది. "సదువుండ్రి భాయ్‌సాబ్" అంది. తెలిసిపోయిన మాటలే అయినా ఆయన మొదటినుంచి ఉర్దూలో చదివాడు, ఆగి ఆగి, గొంతు తగ్గించి. చివర "కల్ బోలూంగా" అన్న దగ్గర అమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆయన గట్లనే అంటుండె. ఏదడిగినా రేపు, రేపు" అంది. కోపం లేదు ఆ గొంతులో. చాచా వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు మాత్రం నాకు చచ్చిపోవాలనిపించింది.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఇదంతా బారు నోటుబుక్కులో చేత్తో రాసి, ఏడాది పాటు ఎవరికీ చూపించలేదు. పేర్లు పెట్టలేదు. చేత్తో రాస్తుంటే వేళ్ళు నొప్పి పుడతాయి, నొప్పి పుట్టినప్పుడు ఆగుతాను, ఆగినప్పుడు ఈ మాట రాయాలా వద్దా అనిపిస్తుంది. కొట్టేసిన మాటలు చాలా ఉన్నాయి. అమ్మ లేదు కాబట్టి రాయొచ్చులే అనుకుంటున్నాను కదా, అదీ తప్పేనేమో, తెలియదు. నా బుద్ధి మారిందని మాత్రం చెప్పను. కానీ తరవాత జరిగింది ఎవరికీ తెలియదు. తెలియకుండా పోతే అమ్మకు ఇంకో అన్యాయం చేసినదాన్నవుతాను.

చాచా వచ్చి వెళ్ళిన నాలుగు రోజులకు, అన్నం తిన్నాక అమ్మ అడిగింది. "ఏమంటున్నరు జనం?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"సదువు. ఒక్కటి ఇడువకు."

నాది తీసేశాను కాబట్టి, దాన్ని ఎక్కించుకున్న ఒక పెద్ద ఖాతా తెరిచాను. కింద వందల మాటలు. చదవడం మొదలుపెట్టాను. పాపం ఆ తల్లి, ఎంత భరించిందో అని రాసినవాళ్ళు చాలామంది. అమ్మ ఈగల్ని తోలినట్టు చెయ్యి ఆడించింది. "ముంగటికి పో." తరవాతివి మొదలయ్యాయి. వాడు మనిషేనా. పెళ్ళాన్ని బలిపెట్టిన పిరికివాడు. కొడుకును చంపి డైరీ రాసుకున్నాడు. ఇలాంటివాళ్ళకు పిండం కూడా పెట్టకూడదు.

"ఎవల్ని గట్ల అంటున్నరు?" అంది అమ్మ, గోడ వదిలి ముందుకు వంగి.

"బాపును."

ముందున్న పళ్ళెం పక్కకు జరిపింది. తరవాత, "రాయి" అంది.

"ఏమని?"

"నేను గా పిలగాని తల్లిని అని రాయి. పొద్దుగాల దవాఖానకు పోదామని నేను అనలే. జరమున్నదని ఆయనకు చెప్పనే లేదు. తలకు వోసింది నేను. తప్పు నాది. నన్ను కాపాడనీకె ఆయన తన మీద ఏసుకొని రాసుకున్నడు. గట్ల రాయి."

"అబద్ధమమ్మా!" అన్నాను ఫోన్ పక్కన పెట్టేసి. "నువ్వు చెప్పినవని ఆయన చేత్తోనే రాసుకున్నడు. నీ తప్పేం లేదని ఇప్పుడిప్పుడే తెలిసింది. మళ్ళ నెత్తిన పెట్టుకుంటవా?"

"నాకు ఎరికైంది గదా. ఆయనకు గూడ ఎరికేనని ఎరికైంది. నేనడిగింది గదొక్కటే. ఇగ ఊరోళ్ళు ఏమనుకుంటే నాకేంది?"

"నేను రాయను."

"ఆయనను తిట్టిపిచ్చింది నువ్వు. నువ్వే రాయాలె." ఆ మాట కూడా అరిచి అనలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి అంది. "యాభై ఏండ్ల సంది పడుతున్న బిడ్డా, నాకు అలవాటే. ఆయనకు అలవాటు లేదు."

రాశాను. కళ్ళు మసకలై అక్షరాలు తప్పు పడుతుంటే దిద్దుకుంటూ, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండుసార్లు చదివించుకుంది. "తప్పు నాది" అన్న మాట ముందుకు జరపమంది. జరిపాను. "ఇగ గా మాటల కిందనే పెట్టు" అంది. పెట్టాను.

ఎంతోసేపు పట్టలేదు. ఫోన్ మోగింది.

"ఏమొచ్చింది?"

"ఏం లేదమ్మా."

"సదువు."

చదివాను. నువ్వు కన్నతల్లివేనా, బిడ్డను చంపి దేవుడిలాంటి మొగుడి మీదికి నెట్టి యాభై ఏళ్ళు సుఖంగా ఎట్లా బతికావు అని ఎవరో రాశారు. అమ్మ చివరిదాకా విన్నది. ఫోన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. అవి కూడా చదవమంది. చదివాను. అన్నీ ఒకటే తీరు.

"ఆయన్ని ఏమన్న అన్నరా?"

"లేదమ్మా. ఒక్కలు గూడ అనలే."

"ఇగ సాలు తీ" అని అమ్మ గోడ పట్టుకుని లేచింది.